గంధం పూసిన రివాల్వర్

ముందే చెప్పేస్తున్నాను, నేను కోతలు కోసే మనిషిని. చినుకు పడితే జడివాన అంటాను, జలుబు చేస్తే ఊపిరితిత్తులు చేతికొచ్చాయంటాను. మా ఇంటావిడ నేను చెప్పే ప్రతి అంకెనీ నాలుగుతో భాగించి వింటుంది. లెక్కల్లో ఆవిడ అంత గట్టిదైందంటే ఆ పుణ్యం నాదే. మీరూ అలాగే భాగించుకుంటూ చదవండి. కాకపోతే, ఉన్నదాన్ని పెంచి చెప్పడం వేరు, లేనిదాన్ని కల్పించడం వేరు. పెంచడం నాకు అలవాటు. కల్పించింది మాత్రం ఈ కథలో ఒక్కటే ఉంది. అదేదో చివర నేనే చెప్పేస్తాను.

ఇది ఎవరికోసం రాస్తున్నానంటే, కొత్తగా ఈ దేశంలో దిగి, రూమ్మేట్లతో కలిసి షూటింగ్ రేంజ్‌కి వెళ్ళి, అద్దె తుపాకీ పట్టుకుని నల్లకళ్ళద్దాలతో ఫొటో దిగే కుర్రాళ్ళ కోసం. పదమూడేళ్ళపాటు అలాంటి ఫొటోలు తీసిపెట్టిన చెయ్యి నాది. ఒక్కొక్కడు ఆ ఫొటోకి ఎంత ఛాతీ విరిచేవాడంటే, చొక్కా గుండీలు ఊడి ఎగిరి పక్కవాడికి దెబ్బలు తగిలేవి.

నేను మొదట రెడ్‌మండ్‌లో సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఉద్యోగం చేసేవాణ్ణి. 2001 చివర్లో అది పోయింది. నేను పట్టిన తప్పులన్నీ సరిదిద్దేసరికి ఇక నా అవసరం లేదని వాళ్ళకి తోచి ఉంటుంది. గ్రీన్ కార్డ్ ఉండబట్టి దేశంలో ఉండనిచ్చారు కానీ, ఇంట్లో మాత్రం పగటిపూట ఉండనివ్వలేదు. "ఏదో ఒక ఆఫీస్‌కి వెళ్ళినట్టు బయటికి వెళ్ళండి, సోఫా అరిగిపోతోంది" అంది మా ఆవిడ. వెళ్ళాను. బయట వాన. ఆ ఊళ్ళో వాన అక్టోబరులో మొదలై జూన్‌లో ఊపిరి పీల్చుకుంటుంది. తడవకుండా ఉందామని ఒక తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను. అది షూటింగ్ రేంజ్. కింద పడ్డ ఖాళీ తూటాలు ఊడవడానికి మనిషి కావాలని తలుపు మీద కాగితం అంటించి ఉంది. ఊడవడంతో మొదలుపెట్టి, కొన్నాళ్ళకి లైసెన్సూ అదీ తెచ్చుకుని, కొత్తవాళ్ళకి పాఠం చెప్పే స్థాయికి ఎదిగాను. గుడిలో తలా ఒక వంటకం తెచ్చి కలిసి తినే పాట్‌లక్‌లలో మా వాళ్ళు నన్ను చూసి ప్లేట్లు పట్టుకుని కాస్త దూరం జరిగేవాళ్ళు. ఒక చిన్నపిల్ల వాళ్ళమ్మ చెవిలో, "మామ్, ఆ అంకుల్ బ్యాడ్ గయ్యా?" అని అడగడం నా చెవిన పడింది.

రేంజ్ యజమాని ఒక పెద్దాయన, పాత సైనికుడు. తొమ్మిదడుగులుంటాడు. (ఇక్కడ మాత్రం భాగించకండి, మరీ మరుగుజ్జు అయిపోతాడు.) మీసంలో పిచ్చుకల జంట కాపురం పెట్టగలదు. రోజుకి ఏడు మాటలు మాట్లాడేవాడు, అందులో రెండు 'గుడ్ మార్నింగ్‌'కే పోయేవి. నాతోపాటు పాఠాలు చెప్పే ఇంకొకావిడ ఉండేది, అంతకుముందు స్కూల్ బస్సు నడిపింది. వెనక్కి తిరక్కుండానే వెనక ఎవడు వెధవ్వేషాలు వేస్తున్నాడో పేరుపెట్టి చెప్పేది. నాకు ఈ వృత్తిలో తెలిసిన నిజాల్లో సగం ఆవిడ దగ్గర నేర్చుకున్నవే. మొదటి వారమే అంది: "చూడు హనీ, చిన్న తుపాకీ కొనడానికి వచ్చేవాడికి నిజానికి తుపాకీ అక్కర్లేదు. ధైర్యం కావాలి. అది మన దగ్గర స్టాక్ ఉండదు."

ఆ చిన్న రివాల్వర్ గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. అరచేతిలో ఇమిడిపోతుంది. ఐదే తూటాలు పడతాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కాబట్టి, మెత్తగా కూడా ఉంటుందనుకుని జనం కొంటారు. నిజానికి అంత మొండిది ఇంకోటి లేదు. ట్రిగ్గర్ బిగువుగా ఉంటుంది, గొట్టం పొట్టి కాబట్టి గురి కుదరదు, పేలినప్పుడు అరచేతిని గాడిద తన్నినట్టు తంతుంది. మేము ఐదు తూటాల మధ్య ఒకటి రెండు ఉత్తుత్తివి కలిపి ఇచ్చేవాళ్ళం. ఏది అసలుదో ఏది ఉత్తదో కాల్చేవాడికి తెలియదు. ఉత్తది వచ్చినప్పుడు చప్పుడు ఉండదు కానీ, రాబోయే చప్పుడుకి ముందే భయపడి చెయ్యి ఉలిక్కిపడటం కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది. మనిషి భయాన్ని వాడికే చూపించే పద్ధతి అది.

పాఠానికి ముందు ప్రతివాణ్ణీ పెద్దాయన ఒక ప్రశ్న అడిగేవాడు. ఆయన ఏడు మాటల్లో ఐదు దానికే ఖర్చు. 'అసలు ఎవర్ని కాల్చాలని ఉంది నీకు?' ఎవడైనా ఫలానావాణ్ణి అన్నాడో, డబ్బు వెనక్కిచ్చి బయటికి పంపేవాడు. నవ్వుతూ అన్నా సరే, అంతే.

2008 మాంద్యం రోజుల్లో మా దగ్గరికి ఒకాయన వచ్చాడు. కరీంనగర్ వైపు మనిషి, నలభై దాటినవాడు. ఊరికి దక్షిణాన ఒక పెట్రోల్ బంకూ, దానికి అతికించినట్టు చిన్న దుకాణమూ నడుపుతున్నాడు. ఎడమ కన్ను కింద పచ్చబడ్డ వాపు. అంతకు కొన్నాళ్ళ ముందు ఎవడో దుకాణంలోకి వచ్చి, గల్లాపెట్టె తీసేలోపే మొహం మీద గుద్ది పోయాడట. భార్య పక్కనే ఉంది. ఆవిడే మాట్లాడింది.

"అన్నా, ఈయన చేతిల బలం లేదు, నోట్ల తిట్టు లేదు. నిన్న చీమలు పట్టిన బిస్కెట్ ప్యాకెట్ బయట పారేస్తూ ఆ చీమలకు కూడ జరుగుండ్రి అన్నడు. గిట్లున్న మనిషి కౌంటర్ల ఒక్కడే నిలవడితే నాకు పొద్దంత కాళ్ళు ఆడుతలేవు. ఏదన్న నేర్పియ్యి."

పెద్దాయన తన ప్రశ్న అడిగాడు. దుకాణదారు ఇంగ్లీషులో "నోబడీ సర్" అని, నా వైపు తిరిగి తెలుగులో అన్నాడు:

"నేనెవర్ని కాలుస్తనే అన్నా! ఊకె చూపెడ్త. చూపెడితే ఉరుకుతరు."

"చూపించడానికైతే టార్చిలైట్ కొనుక్కోండి, చవక" అన్నాను.

"టార్చి చూసి ఎవడు ఉరుకుతడే?"

"దీన్ని చూసి కూడా ఉరకనివాడు వస్తే?"

 మనవాళ్ళు తల ఊపుతారు చూడండి, అవునో కాదో బ్రహ్మకి కూడా తెలియనట్టు, అలా ఊపాడు ఆయన.

అలా మొదలైంది. శని, ఆదివారాల్లో పొద్దున్నే వచ్చేవాడు. దుకాణంలో భార్య ఉండేది. మొదటి రోజు చేతులు ఎంత వణికాయంటే, ఆ గాలికి పక్క లేన్‌లో కాగితాలు ఎగిరిపోయాయి. కళ్ళు మూసుకుని ట్రిగ్గర్ నొక్కేవాడు. తూటా కాగితానికి తప్ప అన్నిటికీ తగిలేది. కాగితం మీద ఉండే బొమ్మకి మొహం ఉండదు, నల్లటి మనిషి ఆకారం అంతే. అయినా ఈయన పేల్చిన ప్రతిసారీ దాని వైపు చూసి చిన్నగా "సారీ" అనేవాడు. మొదట్లో నేను నవ్వుకున్నాను. స్కూల్ బస్సావిడ నవ్వలేదు.

"కాగితానికి సారీ ఎందుకండీ?" అని అడిగాను ఒకరోజు.

"అలవాటే అన్నా. కస్టమర్‌కి చేంజ్ ఇచ్చేటప్పుడు చెయ్యి తగిలినా అంటం కద. నోటికి అదే వస్తది."

"పేల్చేముందే అంటే అది తప్పుకునేదేమో."

"గీ జోకులకేనా నీకు జీతమిచ్చేది?" అన్నాడు నవ్వుతూ.

నాలుగైదు నెలలకి చెయ్యి కుదురుకుంది. ఉత్తుత్తి తూటా వచ్చినా చెయ్యి ఉలిక్కిపడేది కాదు. కళ్ళు తెరిచే ఉంచేవాడు. కాగితం బొమ్మ గుండెల మీద గిన్నెమూత పట్టేంత చోటులో ఐదు కన్నాలూ పడేవి. 'సారీ' మాత్రం పోలేదు. నేను తయారుచేసిన శిష్యుల్లో ఇంత శ్రద్ధ ఉన్నవాడు ఇంకొకడు లేడు. ఈ వాక్యంలో పెంచింది ఏమీ లేదు.

దసరా వచ్చింది. తెలంగాణ ఇంట్లో దసరా అంటే తెలుసుగా! నన్నూ మా ఆవిణ్ణీ దుకాణానికే పిలిచారు, ఇల్లూ దుకాణమూ వాళ్ళకి ఒకటే. ఆయుధపూజ. కారు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. గల్లాపెట్టెకి బొట్టు, కాఫీ మిషన్‌కి బొట్టు, లాటరీ మిషన్‌కి పసుపు, కుంకుమ, బంతిపూల దండ. హాట్‌డాగ్‌లు తిప్పే మిషన్‌కి కూడా బొట్టు పెట్టేసి, లోపల తిరుగుతున్నదేమిటో గుర్తొచ్చి ఆవిడ నాలుక కరుచుకుంది. జమ్మి దొరకక రోజ్‌మేరీ రెమ్మలు తుంచి, బంగారం అంటూ చేతుల్లో పెట్టి కావలించుకున్నారు. అప్పుడు చూశాను, అమ్మవారి పటం ముందు ఇత్తడి పళ్ళెంలో, ఆయన మా దగ్గరే కొనుక్కున్న ఆ చిన్న రివాల్వర్.

దాన్ని ముంచేసినట్టు గంధం పూసి ఉంది. ఇండియన్ స్టోర్లో దొరికే గంధంపొడిలో పసుపు కలిపి, పన్నీరుతో చిక్కగా నూరిన ముద్ద. కిలోన్నర ఉంటుంది. తూటాలు కూర్చునే చక్రం ఉంటుంది కదా, ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా ఒక గడి తిరగాలి. దాని సందుల్లోకి, కిందికి, పక్కలకి దిగిపోయి సిమెంటులా గట్టిపడింది. పిడి మీద పావలా కాసంత కుంకుమ బొట్టు.

"అయ్యో చెల్లెమ్మా, ఇది ఎండితే చక్రం తిరగదు. తుడిచెయ్యాలి" అన్నాను.

ఆవిడ మొహం ఎర్రబడింది.

"బొట్టు చెరుపుతరా అన్నా? పండుగ పూట గా మాట అనచ్చునా? అది ఇంట్ల మగమనిషిని కాయనీకె తెచ్చిన వస్తువు. దాని బొట్టు తీస్తే..." అని ఆగిపోయి, తాళిని కళ్ళకద్దుకుంది.

ఇంక ఏమంటాం? మా ఆవిడ నా మోచెయ్యి గిల్లింది. ఊరుకున్నాను. దుకాణదారు నవ్వుతూ, "ఉండనియ్ అన్నా. అది పటం పక్కన కూసుంటే చాలు, నాకదే ధైర్యం" అన్నాడు. నాకూ ఆ మాట నచ్చింది. పూజ అందుకుని, ఎవర్నీ ఏమీ అనకుండా, పళ్ళెంలో కూర్చునే తుపాకీ. అంతకంటే మంచి తుపాకీ ఎక్కడుంది?

ఇక ఆ రోజు సంగతి. ఈ కథని పాట్‌లక్‌లలో నేను వందసార్లు చెప్పాను. ప్రతిసారీ ఇక్కడికి రాగానే జనం కుర్చీలు ముందుకి జరుపుకుంటారు. మా ఆవిడ మాత్రం లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

పండగైన నెలకి, ఒక మధ్యాహ్నం. వాన. ఆకాశం కడిగిన అల్యూమినియం గిన్నెలా ఉంది. దుకాణంలో కౌంటర్ వెనక ఆయన, వెనక గదిలో సామాన్లు సర్దుతూ ఆవిడ. రోజూ వచ్చే ఒక ముసలాయన లోపలికి వచ్చాడు. అంతకుముందు ఎక్కడో పని ఉండేది, మాంద్యంలో పోయింది. పొద్దున్నే ఒక కాఫీ, అరటిపండు కొనుక్కుని, వాన తగ్గేదాకా కిటికీ పక్కన నిలబడేవాడు. దుకాణదారు ఆయన్ని ఏనాడూ పొమ్మనలేదు. ఆ వేళ మాత్రం ఆయన కాఫీ దగ్గరికి పోకుండా తిన్నగా కౌంటర్ దగ్గరికి వచ్చాడు. కుడిచెయ్యి కోటు జేబులో ఉంది. జేబు ముందుకి పొడుచుకుని ఉంది. "పెట్టె తియ్యి" అన్నాడు.

దుకాణదారు ఏం చేశాడు? కౌంటర్ కిందనించి రివాల్వర్ తీసి చూపించాడు. చూపిస్తే ఉరుకుతాడని కదా లెక్క. ముసలాయన ఉరకలేదు. ఒక అడుగు ముందుకి వేశాడు. జేబులో చెయ్యి కదిలింది. చూపించడం అయిపోయింది, ఇక చెయ్యడానికి మిగిలింది ఒక్కటే. నేను నేర్పినట్టే రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు తెరుచుకుని, ట్రిగ్గర్ నొక్కాడు.

చక్రం తిరగలేదు. గంధం బిగుసుకుపోయింది. మళ్ళీ నొక్కాడు. పసుపు పెచ్చు ఒకటి ఊడి చాక్లెట్ల మీద పడింది. మళ్ళీ నొక్కాడు. ముసలాయన ఆ తుపాకీని పరకాయించి చూశాడు. పసుపు, గంధం, బొట్టు, వేలాడుతున్న ఎండు బంతిపువ్వు. ఇలాంటి ఆయుధం జన్మలో చూసి ఉండడు. ఇదేదో చేతబడి అనుకున్నాడో ఏమో, ఓ మైగాడ్ అని అరిచి, తలుపు తోసుకుని వానలో పడి ఒకటే పరుగు. ఆయన టోపీ కౌంటర్ మీద ఉండిపోయింది. ఆ పరుగు కెనడాలో గానీ ఆగి ఉండదు.

పాట్‌లక్‌లో ఇక్కడ అందరూ పడీపడీ నవ్వుతారు. ఒకాయన, "ఆయుధపూజ పవర్ అండీ!" అంటాడు. ఇంకొకాయన పెరుగన్నం కలుపుకుంటూ, "మనం కూడా మన లాప్‌టాప్‌లకి అలాగే గట్టిగా పూసేస్తే లేఆఫ్‌లు ఉండవు" అంటాడు. నేనూ నవ్వుతాను. ఆ తరవాత దుకాణదారు రేంజ్‌కి వచ్చి, పెద్దాయనకి ఆ తుపాకీ ఇచ్చేసి, దండం పెట్టి వెళ్ళిపోయాడని ముగిస్తాను. జనం స్వీట్ల వైపు వెళ్ళిపోతారు.

ఇప్పుడు ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలి.

పెద్దాయన ఆరడుగులే. వాన మధ్యమధ్య ఆగుతుంది. గంధం కిలోన్నర లేదు, గుప్పెడు ఉంటుంది. ఇవి పెంచినవి, వీటిని కల్పనలో లెక్కెయ్యకండి. కల్పించింది ఒక్కటే అన్నాను కదా. చక్రం తిరక్కపోవడం. దాని వెనకొచ్చిన పరుగూ, దండమూ ఆ ఒక్కదాని పిల్లలే.

పండగైన వారానికే దుకాణదారు ఆ రివాల్వర్‌ని తువ్వాల్లో చుట్టుకుని రేంజ్‌కి తెచ్చాడు. "ఆమెకు చెప్పకన్నా, కని ఇది తిరుగుతలేదు. జర చూడు" అన్నాడు. బల్ల మీద పాత న్యూస్‌పేపర్ పరిచి, చక్రం బయటికి లాగి, పళ్ళు తోముకునే బ్రష్‌తో సందు సందునా గీకాను. నూనె వేశాను. గంధం వాసన పోయి నూనె వాసన వచ్చేదాకా తుడిచాను. ఆవిడ బాధపడకూడదని, చెక్క పిడి మీద బొట్టు మాత్రం అలాగే వదిలేశాను. పని అయ్యాక పెద్దాయన తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని, చక్రం తిప్పి విన్నాడు. "గుడ్ వర్క్" అన్నాడు. ఆ రోజు ఏడు మాటల్లో రెండు నాకు దక్కాయి. పొంగిపోయాను. ఇంటికెళ్ళి మా ఆవిడకి కూడా చెప్పుకున్నాను, రెండు మాటల్ని ఎనిమిది చేసి.

కాబట్టి ఆ మధ్యాహ్నం రెండోసారి నొక్కాల్సిన అవసరం రాలేదు. మొదటిసారికే చక్రం గడి తిరిగింది, మొదటిసారికే పేలింది. గురి తప్పలేదు. ముసలాయన కోటు జేబులో చెయ్యి తప్ప ఏమీ లేదు. ఆయన ఎక్కడికీ పరిగెత్తలేదు.

పోలీసులు అన్నీ చూసుకుని, దుకాణదారు తప్పేమీ లేదన్నారు. కేసు లేదు. పెద్దాయన ఆ రోజు రేంజ్ మూసేసి లైట్లు ఆర్పేశాడు, ఒక్క మాట కూడా ఖర్చు పెట్టలేదు. స్కూల్ బస్సావిడ నా భుజం మీద చెయ్యి వేసి, నా పాఠాలు కూడా కొన్నాళ్ళు తనే చెప్పింది. దుకాణదారు రేంజ్‌కి రాలేదు, దండమూ పెట్టలేదు. నేనే వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు తీసింది ఆవిడ. నన్ను కూర్చోమంది, మంచినీళ్ళు ఇచ్చింది. ఆయన లోపలి గదిలోంచి బయటికి రాలేదు. కొన్నాళ్ళకి దుకాణం అమ్మేసి వేరే రాష్ట్రం వెళ్ళిపోయారు. ఏ రాష్ట్రమో ఎవరికీ చెప్పలేదు. చిన్న రివాల్వర్ పాఠం నేను ఇక చెప్పలేదు. 2015లో రేంజే మానేసి, మళ్ళీ సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టుకునే పనికి వెళ్ళిపోయాను. అక్కడ ఏదైనా సరిగ్గా పనిచెయ్యకపోతే నాకు లోపల ఎక్కడో కాస్త సంతోషంగా ఉంటుంది. అది ఎవరికీ చెప్పుకునే సంగతి కాదు.

మంచినీళ్ళ గ్లాసు తీసుకుంటూ ఆవిడ చెప్పిన మాట ఇంకొకటి ఉంది. చప్పుడు విని ఆవిడ వెనక గదిలోంచి పరిగెత్తుకొచ్చేసరికి, ఆయన రెండు చేతులతో ఆ తుపాకీని అలాగే పట్టుకుని ఉన్నాడట. కళ్ళు తెరిచే ఉన్నాయట. నేలమీద పడ్డ మనిషి వైపు చూస్తూ, చిన్నగా, "సారీ" అన్నాడట.

ఇది నేను కల్పించలేదు. నాలుగుతో భాగించనక్కర్లేదు.